గేటు దాకా వచ్చి మళ్ళిపోయేవాళ్ళు

తాగుబోతులంటే నాకు ఎప్పుడూ భయం లేదు. పాస్టరుగా పనిచేసినన్నాళ్ళూ వాళ్ళతో బాగానే నెగ్గుకొచ్చాను. తాగినవాడికి తాను తప్పు చేస్తున్నానని తెలుసు. తెల్లారాక తలవంచుకుని వస్తాడు, నాలుగు తిడతాను, ఏడుస్తాడు, ప్రార్థన చేసి పంపిస్తాను. నన్ను వణికించింది మంచివాళ్ళు. ఆదివారం తప్పనివాళ్ళు, ఉపవాసం తప్పనివాళ్ళు, సంపాదనలో దశమభాగం ఇవ్వడం తప్పనివాళ్ళు. దేవుడు చెప్పినవన్నీ చేసి, ఒక్కటి మాత్రం పక్కన పెట్టుకునేవాళ్ళు. ఆ ఒక్కదాని జోలికి వెళ్ళారో, మీ పని అయిపోయినట్టే.

ఈ మధ్య బైబిలు కాలేజీ చదువు ముగించిన పిల్లలు నిజామాబాద్‌లో మా ఇంటికి వచ్చి కూర్చుంటున్నారు. ప్రసంగం ఎట్లా చెప్పాలి, యువతను ఎట్లా పట్టుకోవాలి అని అడుగుతారు. ఒకడైతే ఏ మైకు మంచిదని అడిగాడు. "మైకు నాకు తెల్వదు బిడ్డా, నీ గొంతు ఇప్పటికే మా గల్లీ మొత్తం వినపడుతున్నది" అన్నాను. పాపం, నవ్వాలో వద్దో తెలియక టీ తాగాడు.

ఏ ఊళ్ళో ఎన్నేళ్ళు చేశాను, నా హయాంలో ఎన్ని గోడలు లేచాయి అనేవి రాయను. అవి ఎవరికీ పనికిరావు. ఈ పనిలో నిజంగా ఏముంటుందో అదే రాస్తాను. చదివాక కూడా ఈ పనికే వస్తానంటే, రండి.

టీ మానేసిన ఆమె

టౌన్‌లో పనిచేసేటప్పుడు మా క్వయర్‌లో ఒకామె ఉండేది. మంచి గొంతు. ఈస్టరుకు ముందు ఉపవాసాల శ్రమల దినాలు మొదలు కాగానే టీ మానేసేది. టీ లేక తల పగిలిపోతుంటే కణతలకు బామ్ రాసుకుని మరీ వచ్చి పాడేది. అందరూ మెచ్చుకునేవాళ్ళు. అదే ఇంట్లో, అదే వంటింట్లో ఉన్న అత్తతో మాత్రం ఆమె మాట్లాడి ఏళ్ళు గడిచాయి. ఉప్పు కావాలంటే కూతురితో చెప్పించేది. కూతురు బడికి పోతే గోడకు చెప్పేది, "ఎవరన్న ఉప్పు తెచ్చిస్తే మంచిగుండు" అని.

ఒకనాడు ఉండబట్టలేక అన్నాను. "అమ్మా, ఈ యేడు టీ మానకు. రెండు కప్పులు పెట్టి ఒకటి మీ అత్తకియ్యి. ఆమె ముంగట కూసోని తాగు. గదే నీ ఉపవాసం."

ఆమె ముఖం మాడిపోయింది. "దేవునికి నేనిచ్చేది నేను ఇస్తున్న అమ్మగారు. మా అత్త సంగతి మీకెందుకు?" అంది. ఆ రోజు నుంచి అత్తతో పాటు నాతో కూడా మాట్లాడటం మానేసింది. ఉప్పు అడగాల్సిన అవసరం లేదు కాబట్టి నాకు పెద్దగా ఇబ్బంది కలగలేదు.

నవ్వుకున్నాను కానీ ఆ మాట మరచిపోలేదు. నేనిచ్చేది నేను ఇస్తున్న. దేవుడు ఏమడిగాడో వినకుండా మనకు తోచింది ఆయన చేతిలో పెట్టి, ఇంకేం కావాలి నీకు అన్నట్టు చూడటం ఇది. నచ్చిన ఆజ్ఞలు మాత్రమే పాటించే మనిషి దేవుని మాట వింటున్నాడని ఎట్లా అనగలం? అతని ఇష్టమూ దేవుని ఇష్టమూ కొన్నిచోట్ల కలిశాయి, అంతే. ఆ రెండూ విడిపోయే చోటు ఒకటి వస్తుంది. అతను ఎవరి మాట వింటాడో అక్కడే బయటపడుతుంది. ఆ చోటును నేను కళ్ళారా చూసింది బోధన్ వైపు ఒక ఊళ్ళో.

గిన్నె వరుస

బోధన్ దాటి మంజీర దిక్కుగా పోతే వస్తుంది ఆ ఊరు. పేరు రాయను, మనుషులు ఇంకా ఉన్నారు. నల్లరేగడి, చెరకు, వరి, మధ్యలో మిషనోళ్ళు ఎప్పుడో కట్టిన రాతి చర్చి. సంఘంలో రెండు వాడలవాళ్ళు, మీది వాడ, కింది వాడ. వీళ్ళ తాతలూ వాళ్ళ తాతలూ ఒకే మడుగులో బాప్తిస్మం తీసుకున్నారు. అయినా ఒక వాడ పిల్లను ఇంకో వాడకు ఇవ్వరు. ఎందుకని నన్ను అడగకండి. మన చర్చిల్లో పెరిగిన ప్రతివాడికీ తెలుసు, ఎవడూ పైకి అనడు.

అక్కడ నేను మొదటిసారి ప్రభు భోజనం ఇచ్చిన ఆదివారం రొట్టె పంచి ద్రాక్షరసం గిన్నె ఎత్తాను. ఒక్కటే గిన్నె, పాత వెండిది. ఒక్కొక్కరి నోటికీ అందించి, తెల్లగుడ్డతో అంచు తుడిచి, పక్కవాళ్ళకు అందించాలి. మొదట మీది వాడవాళ్ళు వచ్చి మోకరించారు, తాగారు, వెళ్ళి కూర్చున్నారు. వాళ్ళలో చివరి మనిషి కూర్చున్నాకే కింది వాడవాళ్ళు లేచారు. ఎవరూ సైగ చేయలేదు, ఎవరూ చెప్పలేదు. అంతలో మీది వాడ ముసలాయన ఒకడు ఆలస్యంగా వచ్చి మోకరించాడు. గిన్నె అప్పటికే కింది వాడలో తిరుగుతోందని చూశాడు. చెయ్యి అడ్డం పెట్టి, లేచి వెళ్ళిపోయాడు.

ఆరాధన అయ్యాక సంఘ పెద్ద దేవదానాన్ని పక్కకు పిలిచాను. "ఈ వరుస ఎవరు పెట్టిండ్రు అన్నా?"

"ఎవ్వలు పెట్టలేదు అమ్మగారు. నడుస్తున్నది" అన్నాడు, వాతావరణం గురించి చెప్పినట్టు.

ఈ దేవదానం గురించి చెప్పాలి. చెరకు రైతు, మీది వాడకు పెద్దదిక్కు. అబద్ధమాడడు, చుక్క ముట్టడు. ఆదివారం అతని పొలంలో కొడవలి లేవదు. ఒక సీజన్‌లో చక్కెర ఫ్యాక్టరీ నుంచి అతనికి చెరకు నరకమని కటింగ్ ఆర్డర్ ఆదివారానికే వచ్చింది. మహారాష్ట్ర నుంచి వచ్చిన కూలీల గుంపు కొడవళ్ళతో గట్టు మీద నిలబడింది. దేవదానం వాళ్ళకు అన్నం పెట్టించి పంపేశాడు. వంతు తప్పింది, మళ్ళీ ఆర్డర్ వచ్చేసరికి చెరకు ఎండి బరువు పడిపోయింది. అతను ఒక్క మాట సణగలేదు. ఇట్లాంటి పెద్దమనిషి దొరికితే ఏ పాస్టరైనా కళ్ళకద్దుకుంటాడు. నేనూ అద్దుకున్నాను.

కానీ అతని ఒక్కగానొక్క కూతురు సువార్త, కింది వాడలోని సామ్యేలును చేసుకుంది. అతను చెరకు ట్రాక్టరు నడుపుతాడు, బుద్ధిమంతుడు. నాకు ముందున్న పాస్టరు భయపడి చర్చిలో పెళ్ళి చేయకపోతే, బోధన్ వెళ్ళి రిజిస్టర్ చేసుకున్నారు. తండ్రి ఆమె ముఖం చూడటం మానేశాడు. ఊళ్ళో ఆమె ఇంటి మీదుగా పోవాల్సి వస్తే చుట్టూ తిరిగి పోయేవాడు. ఆదివారం మాత్రం ఆమె వెనక వరుసలో ఉండగానే మైకు ముందు నిలబడి, అందరికీ శాంతి సమాధానాలు కలుగుగాక అని ప్రార్థన ముగించేవాడు. ఆ అమ్మాయి ఆమెన్ అనేది. వినలేక నేను తలదించుకునేదాన్ని.

చిన్న గ్లాసులు

మా చర్చిలన్నిటికీ పై అధికారి, సూపరింటెండెంటు గారు మంచి మనిషి. కోపం ఎరుగడు. ఏ తగాదా వచ్చినా "ఈ ఒక్కసారికి సర్దుకోండి" అనేవాడు. ఆయన ఉద్యోగమంతా ఈ ఒక్కసారులతోనే గడిచింది. కరోనా తర్వాత చర్చిలన్నిటికీ చిన్నచిన్న ప్లాస్టిక్ గ్లాసులు వచ్చాయి కదా, ఎవరి గ్లాసు వారిది. మా ఊళ్ళో గిన్నె వరుస సమస్య అట్లాగే మాయమైంది. ఆయన ఎంత సంబరపడ్డాడో.

"చూశావా అమ్మా, దేవుడే దారి చూపించాడు" అన్నాడు ఫోన్లో.

"దేవుడు కాదయ్యా, ప్లాస్టిక్ కంపెనీవాడు" అన్నాను. నా నోరు ఎప్పుడూ అంతే. నాకు మంచి ఊళ్ళకు ట్రాన్స్‌ఫర్లు రాకపోవడానికి అదొక కారణం.

రోగం భయం పోయాక కూడా గ్లాసులు అట్లాగే ఉండిపోయాయి. వెండి గిన్నె బీరువాలో పడింది. ఎవరూ దాని ఊసెత్తలేదు, ఒక్క శాంతమ్మ తప్ప. ఆమె సామ్యేలు తల్లి, అంటే సువార్త అత్త. పసుపు చేన్లలో, చెరకు తోటల్లో కూలికి పోయే మనిషి. ఒక ఆదివారం అందరూ వెళ్ళాక నా దగ్గరికొచ్చింది.

"అమ్మగారు, గిన్నె ఏది?"

"బీరువల ఉన్నది అవ్వా. ఎందుకు?"

"ఇంతకుముందు వాళ్ళ ఎనకనన్న ఆ గిన్నెలనే తాగుతుంటిమి. ఇప్పుడు ఎవ్వలది వాళ్ళకే అయిపాయె. ప్రభువు ఒక్క గిన్నెనే గదా పట్టుకున్నది. నేను సచ్చేలోపల అందరు కలిసి తాగుతె సూడాలని ఉండె."

ఆమె అంతటితో ఆగకుండా ఇంకోటి అడిగింది. "ఇంకో మాట. నన్ను నీళ్లల్ల పెట్టకుండ్రి అమ్మగారు."

ఆ మాటకు అర్థం చెప్పాలి. మిషనోళ్ళు సంఘమంతటికీ కలిపి ఇచ్చిన సమాధుల తోట ఒకటుంది. మీది సగం మెరక, ఎర్రమట్టి, పొడి నేల. దేవదానం తండ్రి కాలంలో దాని చుట్టూ గోడ కట్టి గేటు పెట్టారు, అది మీది వాడకు. కింది సగం కాలువ పక్కన, కింది వాడకు. కాలువకు నీళ్ళు వదిలితే అక్కడ మూడడుగులు తవ్వేలోపే ఊట పడుతుంది. శవపెట్టె దించితే తేలుతుంది. తేలకుండా మీద రాళ్ళు పేర్చి మన్ను కప్పుతారు. శాంతమ్మ మొగుణ్ణి అట్లాగే పెట్టారు. పెట్టె పైకి లేస్తుంటే మగవాళ్ళు కాళ్ళతో తొక్కి పట్టుకోవడం ఆమె చూసింది.

"పెట్టను అవ్వా. మాటిస్తున్న" అన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకుంది. ఇచ్చిన మాట ఎంత బరువో ఇంటికి వెళ్ళాక తెలిసింది.

తాళంచెయ్యి

ఆ చలికాలం చెరకు నరుకుడు ముమ్మరంగా ఉన్నప్పుడే శాంతమ్మ గుండె ఆగి పోయింది. మట్టి చేయాల్సింది శనివారం. కాలువ నిండుగా పారుతోంది. గేటు తాళంచెయ్యి దేవదానం మొలతాడుకు ఉంటుంది.

పొద్దున్నే సువార్త నా దగ్గరికి వచ్చింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. "నాతోని రాండ్రి అమ్మగారు. ఒక్కదాన్నే పోతే తలుపు వేసుకుంటడు" అంది. ఇద్దరం వెళ్ళాం. పెళ్ళయ్యాక ఆమె ఆ వాకిట్లో అడుగు పెట్టడం అదే మొదలు. దేవదానం అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"బాపు, తాళంచెయ్యి ఇయ్యి" అంది.

అతను ఆమె వైపు చూడలేదు, నాతో మాట్లాడాడు. "అమ్మగారు, శాంతమ్మ మంచి మనిషి. పెట్టె నేను చేయిస్త. అందరికి అన్నాలు నేను పెడత. కింద నీళ్లున్నయంటే నా ఇంజన్ తెస్త, ఎంతసేపైన తోడిస్త. ఏం కావాల్నో చెప్పుండ్రి."

"తాళంచెయ్యి కావాలె అన్నా."

"గదొక్కటి అడగకుండ్రి."

నాకు ఒళ్ళు మండింది. "దేవుడు నిన్ను ఇంజన్ అడగలే అన్నా. పెట్టె అడగలే, అన్నాలు అడగలే. నీ దగ్గర ఆయన అడిగేది గదొక్కటే. గదొక్కటి తప్ప అన్ని ఇస్తనంటున్నవు."

"నేను ఆయన మాట ఏం తప్పిన?" అతని గొంతు పెరిగింది. "ఆదివారం చెరుకు కొట్టిచ్చిన్నా? తాగిన్నా? నా చెరుకు ఎండిపోతె సుత ఆయన మాట దాటలే!"

"ఆదివారం చెరుకు కొట్టనందుకు మీ వాడల నిన్ను గొప్పగ చెప్పుకుంటరు. గేటు తీస్తె తిడతరు. గందుకే అది చేస్తవు, ఇది చెయ్యవు. నువ్వు దేవునికి భయపడుతున్నవా, వాడకు భయపడుతున్నవా?"

అతను మొలతాడుకున్న తాళంచెయ్యి తడుముకుని నెమ్మదిగా అన్నాడు. "నేనొక్కన్నే అయితే ఇస్తును అమ్మగారు. నా ఎనక వాడ ఉన్నది. మా బాపు పోయేటప్పుడు ఈ తాళంచెయ్యి నా చేతుల పెట్టిపోయిండు. ఇప్పటికే నా బిడ్డ నన్ను సగం సంపింది."

సువార్త కొంగు సర్దుకుని వాకిలి దిగి వెళ్ళిపోయింది.

మేము ఇల్లు చేరకముందే సూపరింటెండెంటు గారి ఫోన్. ఎవరు మోశారో గానీ కబురు ఆయనకు అందింది. "అమ్మా, ఇంజన్ ఇస్తానంటున్నాడు కదా, ఈ ఒక్కసారికి సర్దుకో. రేపు సంఘం రెండుగా చీలితే ఎవరు జవాబు చెప్తారు?"

"చీలడానికి అది ఎప్పుడు కలిసుంది అయ్యగారూ?" అన్నాను. ఆయన బాధపడ్డాడు. నాకూ బాధగానే ఉంది, ఆయన చెడ్డవాడు కాదు. మీలో చాలామంది పైన ఇట్లాంటి మంచివాళ్ళే ఉంటారు. వాళ్ళను గౌరవించండి. వాళ్ళ మాట ఎక్కడ ఆగుతుందో, ప్రభువు మాట ఎక్కడ మొదలవుతుందో మాత్రం కళ్ళు తెరుచుకుని చూసుకోండి.

నీళ్ళు

చర్చిలో ప్రార్థన జరిగింది. మీది వాడవాళ్ళూ వచ్చారు, అది వాళ్ళ మర్యాద. ఏ వాడలో చావు జరిగినా చర్చికి వస్తారు, పెట్టె వెనక నడుస్తారు, గేటు దగ్గర ఆగుతారు. కింది వాడ శవమైతే అక్కడి నుంచి వెనక్కి మళ్ళిపోతారు. ఎప్పటి నుంచో అంతే.

పెట్టెను గేటు బయట దించాం. కింది వాడ కుర్రాళ్ళు ఇద్దరు గడ్డపారలతో తాళం మీదికి పోయారు. ఇంకోపక్క మీది వాడ మగవాళ్ళు దగ్గరికి జరిగి నిలబడ్డారు, ముందు దేవదానం తమ్ముడు యేసురత్నం. ఎవరి చేతుల్లో ఏముందో నేను చూడలేదు. చూడటానికి భయమేసింది. ఒక్క గడ్డపార దెబ్బ పడితే ఇంకో రెండు పెట్టెలు చేయించాల్సి వచ్చేది.

సామ్యేలు ఆ కుర్రాళ్ళకు అడ్డం పోయాడు. "వద్దురా. తాళం పగలగొట్టి పెడితె మా అవ్వ ఆడ దొంగ లెక్క ఉంటది" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "కిందనే తవ్వుతం అమ్మగారు. ఇంకెంతసేపు ఉంచుతం? పొద్దుగూకుతది."

శాంతమ్మకు మాటిచ్చింది నేను. వద్దని చెప్పడానికి నా దగ్గర ఇంకో జాగా లేదు. కింద తవ్వడం మొదలుపెట్టారు. మీది వాడవాళ్ళు గేటు దగ్గరే గుంపుగా నిలబడి ఉన్నారు. గుంట లోతు పెరిగేకొద్దీ నల్లటి నీళ్ళు ఊరాయి. ఒక కుర్రాడు బకెట్‌తో తోడి తోడి అలసిపోతే, సువార్త చీర ఎగదోపుకుని తానే గుంటలోకి దిగింది. ఎవరు వద్దన్నా వినలేదు.

అప్పుడే ట్రాక్టరు చప్పుడైంది. దేవదానం ఇంజన్ తెచ్చాడు. అన్న మాట తప్పే మనిషి కాదు కదా. అది అతను తప్ప ఎవరు తిప్పినా స్టార్ట్ కాని పాత ఇంజన్. అందుకే గేటు దగ్గర ఆగకుండా, కాలువ గట్టు మీదుగా, కింది తోటలోకి రావాల్సి వచ్చింది. పైపు వేసి, ఇంజన్ తిప్పి, పైపు కొసను గుంటలో వదలడానికి వంగాడు. నడుము లోతు గుంట, మోకాళ్ళ దాకా బురదనీళ్ళు, అందులో కూతురు. ఆమె తలెత్తి చూసింది. పైపు అందుకుని నీళ్ళలో పెట్టింది.

ఇంజన్ చాలాసేపు కొట్టింది. నీళ్ళు దిగాయి, అడుగు కనిపించింది. పెట్టె దించుదామని ఇంజన్ ఆపాడు. మేము తాళ్ళు సర్దుకునేలోపే పక్కల నుంచి మళ్ళీ ఊట మొదలై అడుగు మునిగిపోయింది. మళ్ళీ ఇంజన్ పెట్టాడు. మళ్ళీ అదే. సామ్యేలు పక్కన రాళ్ళు కుప్పగా పేరుస్తున్నాడు.

"రాళ్లెందుకు?" అని అడిగాడు దేవదానం.

సువార్త గుంటలో నుంచి చెప్పింది. "పెట్టె తేలుతది బాపు. మీద రాళ్లు పెట్టాలె."

"అందరిని గిట్లనే పెట్టిండ్రా?"

"ఆ. నువ్వెన్నడు సూడలే. నువ్వు గేటు కాడికెల్లే మర్లిపోతవు గద."

ఆమె కోపంగా అనలేదు. ఉన్నమాట చెప్పింది. దేవదానం ముఖం చూడలేక నేను కాలువ వైపు తిరిగాను. ఇన్నేళ్ళు ఆ సంఘానికి పెద్దగా ఉన్న మనిషి, ప్రతి చావుకూ వచ్చిన మనిషి, ఆ నీళ్ళను ఒక్కసారీ కళ్ళతో చూడలేదు. చూడకుండా ఉండటానికే ఆ ఆచారం ఉందేమో అని అప్పుడు తోచింది నాకు.

అతను చొక్కా ఎత్తి మొలతాడుకున్న తాళంచెయ్యి విప్పబోయాడు. ముడి రాలేదు, గట్టిగా లాగి తెంపాడు. గుంట అంచున కూర్చుని కూతురికి చెయ్యి అందించాడు. "పైకి రా బిడ్డా. సలికి సస్తవు" అన్నాడు. పైకి వచ్చాక తాళంచెయ్యి ఆమె చేతిలో పెట్టాడు.

వరుస

ఇంతటితో అయిపోయిందనుకోకండి. నేనూ అనుకుని పొరబడ్డాను. గేటు తాళం తీసేటప్పటికి యేసురత్నం అడ్డం నిలబడ్డాడు. "అన్నా, ఈ గేటు తీస్తె రేపటి నుంచి మేం చర్చికి రాం."

"రాకుండ్రి. నేనైతె వస్త" అన్నాడు దేవదానం. అన్నాడు గానీ లోపలికి వచ్చాక తడబడ్డాడు. గోడ వారగా, చెత్త కాల్చే మూల వైపు చెయ్యి చూపించాడు. "ఆడ తవ్వుకోండ్రి, పొడిగనే ఉంటది."

చూశారా, అప్పుడు కూడా సగమే. నా నాలుక చివరి దాకా మాట వచ్చింది, మింగేశాను. మాట్లాడాల్సింది నేను కాదనిపించింది. కానీ మూల వైపు ఒక్కరూ కదల్లేదు. పెట్టె మోసేవాళ్ళు భుజాల మీద బరువుతో అట్లాగే నిలబడ్డారు. అతను వాళ్ళను చూశాడు, మూలను చూశాడు. ఆ తోటలో ఇంటికొక వరుస ఉంటుంది. ఒకరి వరుసలో ఇంకొకరిని పెట్టడానికి వీల్లేదు. ఎవరినీ అడక్కుండా అతను ఇవ్వగలిగింది తన ఇంటి వరుసలో మిగిలిన జాగా ఒక్కటే, చనిపోయిన భార్య సమాధి పక్కన తన కోసం ఉంచుకున్నది.

నెమ్మదిగా అక్కడిదాకా నడిచి, చెప్పులు విడిచి, మడమతో గీత గీశాడు. "ఈడ తవ్వుండ్రి" అన్నాడు. మొదటి పార తనే వేశాడు. గుంట పొడిగా, ఎర్రగా దిగింది. పెట్టె ఒక్క ఊపు లేకుండా కూర్చుంది. రాళ్ళ అవసరం రాలేదు. ప్రార్థన చెప్పాల్సిన నేను మధ్యలో ఏడ్చేశాను, సిగ్గు కూడా పడలేదు.

ఈ పనికి వచ్చేవాళ్ళకు నేను చెప్పేది ఇదే. మనిషి మొత్తం మాట వినడం ఒక్క దెబ్బతో జరగదు. తాళంచెయ్యి ఇచ్చినవాడు కూడా మూల చూపిస్తాడు. మీరు అక్కడితో సంతోషపడి చేతులు దులుపుకుంటే, అతన్ని గేటు దగ్గర వదిలేసినట్టే. నిలబడండి. ఊరికే నిలబడి ఉండటం కూడా మన పనిలో భాగమే.

ఆదివారం

మర్నాడు నెలలో మొదటి ఆదివారం, ప్రభు భోజనం రోజు. మీది వాడ సగం రాలేదు. ముందు బల్లలు ఖాళీగా ఉన్నాయి. సూపరింటెండెంటు గారి ఫోన్ రెండుసార్లు మోగితే తీయలేదు. తర్వాత నన్ను అక్కడి నుంచి మార్చారు. వెళ్ళిపోయినవాళ్ళలో కొందరు వేరే ప్రార్థన మందిరం పెట్టుకున్నారు, ఇప్పటికీ అక్కడే ఉన్నారు. ఇవి దాచి చెప్తే మిమ్మల్ని మోసం చేసినట్టు అవుతుంది. మొత్తంగా మాట వినడానికి మొత్తంగానే మూల్యం ఉంటుంది.

ఆ ఉదయం బీరువా తెరిచి వెండి గిన్నె తీశాను. నల్లబడి ఉంటే చింతపండుతో తోమాను. శాంతమ్మకు నేను చేయగలిగింది ఇంకా ఒకటి మిగిలి ఉంది కదా.

రొట్టె పంచి, గిన్నె ఎత్తి, రమ్మన్నాను. అలవాటు ప్రకారం కింది వాడవాళ్ళు కూర్చునే ఉన్నారు. వచ్చిన కొద్దిమంది మీది వాడవాళ్ళు దేవదానం వైపు చూశారు. ఎప్పుడూ మొదట లేచేది అతనే. అతను లేవలేదు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని తల వంచి కూర్చున్నాడు. గిన్నె పట్టుకున్న నా చెయ్యి నొప్పెడుతోంది. అతను అసలు తీసుకోడేమో అని భయపడ్డాను.

వెనక నుంచి సువార్త లేచి వచ్చింది. ఆమె వెనక సామ్యేలు, తర్వాత కింది వాడంతా. మధ్యలో మీది వాడవాళ్ళు ఒకరిద్దరు కలిసిపోయారు, ఎవరెవరో నేను గమనించలేదు. ఒక్కొక్కరికీ అందించాను, అంచు తుడిచాను, అందించాను. తెల్లగుడ్డ తడిసి ఎర్రబడింది. చివరికి సువార్త ఒక్కతే అందరూ మోకరించే కమ్మీ దగ్గర మోకాళ్ళ మీద మిగిలింది. మొదట తాగాల్సింది, అందరికీ దారిచ్చి ఆఖరుకు జరిగింది. ఎవరి కోసం ఆగిందో నాకు తెలుసు.

అప్పుడు దేవదానం లేచాడు. వచ్చి కూతురి పక్కన మోకరించాడు. ముందు ఆమెకు గిన్నె అందించాను. తాగింది. నేను మామూలుగా గుడ్డతో అంచు తుడవబోయాను.

దేవదానం నా చెయ్యి పట్టుకున్నాడు.

"తుడవకుండ్రి అమ్మగారు" అన్నాడు.